పేగు తీగకు పెట్టిన బొట్టు

“నైలాన్ తీగలు వేసేసుకుంటే ఏ గొడవా ఉండేది కాదుగా” అని ఈ సంగతి విన్న ప్రతివాళ్ళూ అంటారు. మా అమ్మ కూడా అంది. నిజమే, ఉండేది కాదు. నోరు మూసుకుని కూర్చుంటే ఈ లోకంలో చాలా గొడవలు ఉండవు. నాకా విద్య రాలేదు. నేర్చుకోవాలని ఇప్పటికీ లేదు.

మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్న రోజులవి. చదువు కంప్యూటర్లది. ఉండటం ఊరికి పడమటి చివర పాయింట్ కుక్‌లో ఒక తెలుగు ఆంటీ వాళ్ళింట్లో. పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక ఖాళీగా ఉన్న గది నాకిచ్చారు. గది చూపించిన రోజే ఆంటీ రూల్ చెప్పేసింది.

“చూడమ్మా, మీరు క్రిస్టియన్స్ అయినా మాకేం ప్రాబ్లం లేదు. బయట ఏం తింటావో నీ ఇష్టం. ఇంట్లోకి మాత్రం నీచు రాకూడదు. ఎగ్ కూడా.”

సరేనన్నాను. ఆ మాట తప్పలేదు కూడా. ఆంటీ చేతి వంట బాగుండేది, పులిహోర అయితే మరీను. కానీ ఆదివారం చర్చి అయ్యాక గుంటూరులో మా ఇంట్లో బోటి కూర ఉడికే వేళకి అమ్మ వీడియో కాల్ చేసి కుండ చూపించేది. ఇక్కడ సాయంత్రమయ్యేది. నేను గబుక్కున లేచి గది తలుపు వేసేదాన్ని. ఫోన్లోంచి వాసన రాదని నాకు తెలియదా? అయినా వేసేదాన్ని. ఎందుకు వేస్తున్నానే అని నా మీద నాకే ఒళ్ళు మండేది.

యూనిలో, అంటే యూనివర్సిటీలో, మా క్లాసుల వెనకాలే మ్యూజిక్ వాళ్ళ బిల్డింగు ఉండేది. ఒకరోజు అటుగా పోతుంటే కిటికీలోంచి ఏదో వాద్యం వినిపించింది. గిటారు కాదు, వీణా కాదు. రెండిటికీ మేనత్త కూతురయి ఉంటుందనిపించింది. లోపలికి వెళ్ళి చూస్తే లూట్ అన్నారు. పూర్వం యూరప్‌లో రాజుల ఇళ్ళలో వాయించేవారట. నిలువునా కోసిన బొప్పాయి చెక్కలాంటి పొట్ట, వెనక్కి విరిచినట్టున్న మెడ, జంటలు జంటలుగా తీగలు. చర్చిలో గిటారు వాయించిన చేతులు ఊరుకుంటాయా? నాకు నేర్పుతారా అని అక్కడి టీచరుని అడిగాను. అరవై దాటిన మనిషి. ఇక్కడ టీచర్లని పేరు పెట్టి పిలవాలి, నాకు నోరు రాక చివరిదాకా మేడమ్ అనే పిలిచాను. యూని వాళ్ళ లూట్ ఒకటి నా చేతిలో పెట్టి, తీసుకెళ్ళి వాయించుకో, పాడుచేయకు అంది.

వెరిబీ లైన్ ట్రైన్లో, ఆ తర్వాత బస్సులో, దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వచ్చేదాన్ని. ఆంటీకి అది తెగ నచ్చేసింది. సాయంత్రం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ నా గుమ్మం దగ్గరే చతికిలబడేది. “ఇందాకటిది ఇంకోసారి తల్లీ” అనేది. లూట్ అనేది కాదు, నీ వీణ అనేది. అంకుల్ భజనల్లో మృదంగం వాయిస్తారు. నేను వాయిస్తుంటే డైనింగ్ టేబుల్ మీద వేళ్ళతో తాళం వేసేవారు. మంచి ఇల్లే అది. ఆ మాట చెప్పకపోతే నా కళ్ళు పోతాయి.

మొదట్లో ఆ లూట్‌కి ఉన్నవి నైలాన్ తీగలే. అవి అరిగిపోయాక, సెమిస్టరు చివర నేను కచేరీలో ఒక్కదాన్నే ఒక పాట వాయించాలని నిర్ణయమయ్యాక, మేడమ్ ఒక రేకు డబ్బా ముందు పెట్టింది. నైలాన్ కావాలో పేగు కావాలో నువ్వే ఎంచుకో అంది. డబ్బా నిండా సన్నటి చుట్టలు, పాత నెయ్యి రంగువి. గొర్రె చిన్నపేగుని శుభ్రం చేసి, నిలువుగా చీల్చి, తడి మీదే పురి తిప్పి, లాగి కట్టి ఆరబెట్టి, నున్నగా రుద్దితే ఆ తీగ అవుతుందట. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది, నా చెయ్యి డబ్బాలోకి వెళ్ళిపోయింది. ఒక చుట్ట తీసి వాసన చూశాను. ఏమీ లేదు. వేళ్ళు తడిచేసుకుని రుద్ది మళ్ళీ చూశాను. వచ్చింది. పసుపు వేసి కడిగేశాక కూడా బోటికి మిగిలిపోతుందే, ఆ వాసన.

మా నాయనమ్మ బోటి కడుగుతుంటే చెంబుతో నీళ్ళు పోసే పని నాది. పేగుని పుల్లకి తొడిగి తిరగేసేది, సున్నం రాసేది, వేడినీళ్ళలో ముంచి రుద్దేది, పసుపు పట్టించి మళ్ళీ రుద్దేది. “దీన్ని పారేసేవాళ్ళకి నోరుండీ ఏం లాభమే” అనేది. ఇంట్లో అది పండగ కూర. బడికి డబ్బాలో పట్టుకెళ్తే మాత్రం, మూత తీయగానే ‘ఛీ’ అని పక్క పిల్లలు జరిగి కూర్చునేవాళ్ళు. ఆ పేగునే ఇక్కడ ఒక పెద్దావిడ నగ తీసినట్టు జాగ్రత్తగా తీసి నా అరచేతిలో పెడుతోంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

“పేగే” అన్నాను.

మంచి తీగని ఎంచడానికి ఒక పద్ధతుంది. ముందు కిటికీ వెలుతురుకి పట్టి చూడాలి. ఈ కొస నుంచి ఆ కొస దాకా మచ్చ లేకుండా, మబ్బు లేకుండా ఉండాలి. రెండు వేళ్ళ మధ్య జారిస్తే ఎక్కడా లావూ సన్నమూ తగలకూడదు. ఆ తర్వాత రెండో మనిషి ఉంటే మంచిది. ఒకరు రెండు కొసలూ లాగి పట్టుకుంటే ఇంకొకరు మధ్యలో మీటుతారు. ఊగే తీగ కంటికి రెండు గీతలుగా, మధ్యలో ఖాళీతో శుభ్రంగా కనిపించిందా, అది మంచి తీగ. మూడు నాలుగు గీతలుగా చెదిరి మసకబారిందా, ఎంత శ్రుతి చేసినా సరిగ్గా పలకదు. మేడమ్ పట్టుకుంది, నేను మీటాను. అన్నిటికంటే పై స్వరం పలికే, జంట లేని ఒంటి తీగ అన్నిటికంటే సన్నం, ముందు తెగేదీ అదే. దానికోసం డబ్బా సగం తిరగేశాం. చివరికి ఒకటి దొరికింది. రెండే గీతలు, గోరుతో గీసినంత స్పష్టంగా.

తోటివాళ్ళు నవ్వారు. పేగు తీగలా, మెల్‌బోర్న్‌లోనా, పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రానికి స్వెటరు, శ్రుతి ఏం నిలుస్తుంది అన్నారు. స్టేజీ మీద తెగితే ఏం చేస్తావ్ అని ఒకడు అడిగాడు. “ఇంకోటి వేస్తా” అన్నాను.

ఆ సాయంత్రం వాయిస్తుంటే ఆంటీ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టేసి వచ్చింది.

“ఇవాళేంటే ఇంత కమ్మగా పలుకుతోంది? ఏం చేశావ్?”

“తీగలు మార్చాను ఆంటీ.”

“అదీ సంగతి! మంచివి వేశావ్.”

అంతే. అవి దేంతో చేస్తారని ఆవిడ అడగలేదు. పనిగట్టుకుని చెప్పాలని నాకూ తట్టలేదు. అంకుల్ మృదంగం దేంతో చేశారో నాకు మాత్రం ఎవరైనా చెప్పారా?

నవరాత్రులు వచ్చాయి. ఇక్కడ పండగలన్నీ వీకెండ్‌కే. తిథి ఏ రోజు పడినా ఆంటీ వాళ్ళింట్లో సరస్వతి పూజ శనివారమే జరుగుతుంది. వచ్చినవాళ్ళ పిల్లల పుస్తకాలు, ఐప్యాడ్లు, అంకుల్ మృదంగం అన్నీ అమ్మవారి ముందు పేర్చి ఆంటీ నా గదికి వచ్చింది.

“నీ వీణ కూడా ఇవ్వమ్మా, అమ్మవారి దగ్గర పెడతాను. దేవుడెవరైతే ఏం, చదువు చదువే కదా.”

అంత అభిమానంగా అడిగితే కాదనగలనా? ఇచ్చాను. మృదంగం పక్కనే నిలబెట్టి, పసుపూ కుంకుమా తడిపి, లూట్ పొట్ట మీద ఇంత బొట్టు పెట్టింది. యూని వాళ్ళ చెక్క అని ఆపబోయాను గానీ, ఆవిడ ముఖంలో సంతోషం చూసి ఊరుకున్నాను. తర్వాత హాల్లో కూర్చున్న ఆడవాళ్ళందరికీ వినపడేలా చెప్పింది. “పిల్లలకి చెప్పండమ్మా, పూజలో పెట్టినవి రేపు పొద్దున ఉద్వాసన అయ్యేదాకా ఎవ్వరూ ముట్టుకోకూడదు. అంగుళం కూడా కదపకూడదు.”

లూట్ ముందు రెండు పెద్ద కుందులు. చలిగా ఉందని పక్కన హీటరు. పేగుకి వేడి పడదు. హారతి సగంలో ఉండగా టప్‌మని పేలింది. నేను ఏరి ఏరి తెచ్చుకున్న ఒంటి తీగ తెగి, మెలికలు తిరిగి అమ్మవారి పీట దగ్గర వేలాడుతోంది.

“అయ్యో, అపశకునం!” అని ఎవరో అన్నారు. వీణ నేర్చుకున్న ఆంటీ ఒకావిడ వంగి, ముట్టుకోకుండానే పరీక్షగా చూసింది.

“ఇదేం తీగే అమ్మాయ్? స్టీల్ కాదు, నైలాన్ కాదు. చివర పోగులు పోగులుగా విడిపోయిందేంటి?”

అందరూ నా వైపు తిరిగారు.

“గొర్రె పేగు అండీ” అన్నాను, కుండ బద్దలు కొట్టినట్టు.

హారతి పళ్ళెం పట్టుకుని ఆంటీ అలాగే నిలబడిపోయింది. “జోక్ చేస్తున్నావా?”

“లేదాంటీ. గొర్రె చిన్నపేగు. కడిగి, పురి తిప్పి ఆరబెడతారు.”

“తీసెయ్. ముందు దాన్ని అక్కడ్నుంచి తీసెయ్!”

“ఉద్వాసన కాకుండా కదపకూడదన్నారు కదా ఆంటీ.”

ఎగతాళికి అనలేదు. సరే, కొంచెం ఎగతాళి కూడా ఉందనుకోండి. వీణ ఆంటీ తల ఊపింది. “అవును వదినా, ఇప్పుడు కదిపితే దోషం.” ఇక ఆంటీ అవస్థ చూడాలి, మింగలేక కక్కలేక. ఇంతలో వెనకనుంచి ఎవరో “ఛీ, అమ్మవారి ముందు పేగులేంటి” అన్నారు.

ఆ ‘ఛీ’ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. బడిలో డబ్బా మూత తీసినప్పటి ‘ఛీ’ అది. నా ఒళ్ళు భగ్గుమంది.

“ఆ పక్కనున్న మృదంగం సంగతేంటండీ మరి? అది తోలు కాదా? అంకుల్, మీరే చెప్పండి, దేని తోలో.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అంకుల్ భుజం మీది కండువా సర్దుకున్నారు. నన్ను చూడలేదు, ఆంటీనీ చూడలేదు. “ప్రసాదం చల్లారిపోతోంది, ప్లేట్లు తీయండి” అన్నారు. అందరూ నిలబడే తిని గబగబా కార్లెక్కేశారు. ఆ పూటంతా లూట్ సరస్వతి ముందే ఉంది, బొట్టుతో, తెగిన పేగుతో. ఆంటీ ఆ వైపు వెళ్ళినప్పుడల్లా తల తిప్పుకుంది గానీ దాన్ని కదపలేదు. మాట మీద నిలబడే మనిషి, అది ఒప్పుకుంటాను.

ఆదివారం పొద్దున ఉద్వాసన చెప్పి, అక్షింతలు వేసి, నన్ను వంటింట్లోకి పిలిచింది. కళ్ళు వాచి ఉన్నాయి.

“నీ మీద నాకు కోపం లేదమ్మా. నైలాన్ వేసేసుకో. నిన్న జరిగిందంతా మర్చిపోతాను. లేదంటే వేరే రూమ్ చూసుకో. ఇంట్లోకి నీచు రాకూడదని ముందే చెప్పానా లేదా?”

“నేను వండట్లేదు, తినట్లేదు ఆంటీ. వాయిస్తున్నాను.”

“ఏదైనా పేగు పేగే కదమ్మా.”

కచేరీ శుక్రవారం. నాకు తెలిసిన స్నేహితురాలు క్లైడ్ నార్త్‌లో ఉంది, అంటే ఊరికి ఆ చివర. అక్కణ్ణుంచి యూనికి రావాలంటే సగం రోజు రోడ్డు మీదే. ఏం చేయాలో తోచక మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ చిటికెలో తేల్చేసింది. దానికంత బాధెందుకు, లూట్ యూనిలో నా గదిలో పెట్టేసి వెళ్ళు, తీగలు తీసేశానని ఆమెకి చెప్పెయ్ అంది. ఎంత తేలిక! గదీ ఉంటుంది, తీగా ఉంటుంది, పులిహోరా ఉంటుంది. ఒక చిన్న అబద్ధం, అంతే. మా అమ్మ ఫోన్లో కుండ చూపించినప్పుడు లేచి వేసే తలుపు గుర్తొచ్చింది. ఇది ఇంకో తలుపు. ఎన్ని తలుపులు వేసుకోవాలి నేను? మా ఇంట్లో వండుకునేది దాచుకున్నాను, ఇప్పుడు వాయించుకునేది కూడా దాచుకోవాలా? చచ్చినా దాచను అనుకున్నాను.

“రూమ్ ఖాళీ చేస్తానాంటీ” అన్నాను. “కానీ తెగిన తీగ బదులు కొత్తది మాత్రం ఇక్కడే వేసుకుని వెళ్తాను.”

హాల్లో పెద్ద అద్దాల తలుపు దగ్గర, ఎండలో కూర్చున్నాను. మేడమ్ ఇచ్చిన విడి చుట్టలు మూడు ముందు పెట్టుకున్నాను. ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఒక కొస చేత్తో లాగి మీటబోతే ఏమీ కనిపించలేదు. తిప్పలు పడుతుంటే పక్కన నీడ పడింది. అంకుల్.

“ఇటివ్వు” అన్నారు. రెండు కొసలూ చేతుల్లోకి తీసుకుని లాగి పట్టుకున్నారు. మృదంగం వాయించే చేతులు, వణుకు లేదు. మీటాను. మసక. రెండోది మీటాను. అదీ చెదిరింది. మూడోది మీటితే రెండు గీతలు తేలాయి, మధ్యలో ఎండ.

“ఆహా” అన్నారు అంకుల్, ఆపుకోలేక.

తలెత్తితే వంటింటి గుమ్మంలో ఆంటీ. ఎంతసేపటి నుంచి చూస్తోందో. లోపలికెళ్ళి మిక్సీ ఆన్ చేసింది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి పులిహోర డబ్బా చేతిలో పెట్టింది. తీసుకున్నాను. కోపం వేరు, పులిహోర వేరు.

శుక్రవారం స్టేజీ వెనక మేడమ్ లూట్ పెట్టె తెరిచి, బొట్టు చూసి నెత్తి పట్టుకుంది. పసుపు చెక్కలోకి దిగిపోయింది. స్పిరిట్ పెట్టి తుడిస్తే సగమైనా పోతుంది, తుడవనా అని అడిగింది. వద్దన్నాను. ఇంతకీ ఇదేంటి అంది. “మా ఆంటీ పెట్టింది” అన్నాను. నా ముఖం చూసి దూది పక్కన పెట్టేసింది. మాకు బొట్టు అలవాటు లేదు. మా చర్చిలో ఎవరైనా చూసుంటే వాళ్ళూ ఓ మాట అనేవాళ్ళే. అననీ.

వాయించాను. బయట వాన మొదలై శ్రుతి కాస్త కిందికి జారింది, మధ్యలో ఆగి సరిచేసుకుని మళ్ళీ ఎత్తుకున్నాను. తీగ తెగలేదు. తోటివాళ్ళవైపు చూసి కళ్ళెగరేద్దామనుకున్నాను గానీ, వెనక వరసలో తొడ మీద తాళం వేస్తున్న మనిషి కనిపించి వేళ్ళు తడబడ్డాయి. అంకుల్ ఒక్కరే వచ్చారు.

అయిపోయాక దగ్గరికొచ్చారు.

“మీ ఆంటీ నన్నడిగింది తల్లీ. నువ్వెళ్ళిన రోజే. మృదంగం దేంతో చేస్తారు, నిజం చెప్పండి అని.”

“చెప్పారా?”

“చెప్పాను. మూతలకి ఆవు తోలు, మేక తోలు. బిగించే వార్లు గేదెవి. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు.”

“ఏమన్నారు?”

“మృదంగాన్ని గరాజ్‌లో పెట్టించింది.”

నవ్వు ఆగలేదు నాకు. ఆయనా నవ్వారు.

“నేనూ ఇప్పుడు అక్కడే. డైలీ ఆర్వోలో, అదే మధ్యాహ్నం పూట, కారు బయటపెట్టి, గరాజ్‌లో ప్రాక్టీసు. కానీ తల్లీ, ఇంట్లోంచి గరాజ్‌లోకి ఉన్న తలుపు మాత్రం మూయనివ్వదు. చలిగా ఉందే, వేస్తానే అంటే, వద్దండీ నాకు వినపడదు అంటుంది.”

ఆ మాటకి నా నవ్వు ఎటో పోయింది. అంకుల్ లూట్ మీది బొట్టు చూశారు.

“ఇది తుడవలేదేం?”

“ఆంటీ బొట్టు పెట్టినప్పుడు దాని మీదున్నవి పేగులే అంకుల్. తుడవను. తీగలూ తీయను.”

“ఈ మాట చెప్పనా మీ ఆంటీకి?”

“చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి.”

ఆ ఆదివారం క్లైడ్ నార్త్‌లో స్నేహితురాలి వాళ్ళ హాల్లో, ఇంటి నిండా చుట్టాలు కూర్చుని ఉండగా అమ్మ వీడియో కాల్ చేసింది. అలవాటుగా లేవబోయాను. లేవలేదు.

“కుండ దగ్గరికి పెట్టమ్మా, బోటి సరిగ్గా కనపడట్లేదు” అన్నాను, అందరికీ వినపడేటట్టు.